ఇంజన్ ఆపని హెస్టర్

యాండూరా నుంచి కల్పా గొర్రెల ఎస్టేట్‌కి పోయే తొంభై మైళ్ళ మట్టిరోడ్డు మీద గుర్రబ్బండి ఎదురైతే లారీ పక్కకి దిగాలి, ఇంజన్ ఆపాలి, బండి దాటిపోయేదాకా కదలకూడదు. రోడ్ల సంఘం పెట్టిన రూలు అది. మంచి రూలే, కాదనను. మొదట్లో దాన్ని అందరికంటే శ్రద్ధగా పాటించింది హెస్టర్ ట్రెవెనాయే. ఇరవై రెండేళ్ళు గుర్రాల మధ్య కాపురం చేసిన మనిషికి గుర్రం బెదిరితే ఏమవుతుందో ఒకరు చెప్పాలా? ఆవిడ మొగుడు సైలస్ తుంటి ఎముక నుజ్జయింది అట్లాగే కదా.

సైలస్ మా యాండూరాలో పద్దెనిమిది గుర్రాల బండి తోలేవాడు. తొమ్మిది జతలు, బండి మీద ఇంటికప్పు ఎత్తున ఉన్ని మూటలు. పగ్గాలు పేరుకే, అతను తోలేది గొంతుతో. ముందు జతలో ఎడమపక్క నడిచే బూడిదరంగు ఆడగుర్రం టామ్సిన్ అతను గొణిగినా వినేది. 1921 ఆగస్టులో ఒక మధ్యాహ్నం గాలికి టార్పాలిన్ ఊడి టపటపా కొట్టుకుంటే వెనక జత బెదిరింది. సైలస్ చక్రం కింద పడ్డాడు. టామ్సిన్ కాళ్ళు నిలదొక్కుకుని ఆగింది కాబట్టి మనిషి మిగిలాడు. నడక మిగల్లేదు.

ఇక హెస్టర్ హోటల్లో గిన్నెలు తోముకోవలసిందేనని ఊరంతా తీర్మానించేసింది. ఆ మాట ఆవిడ మొహం మీదే అన్న పుణ్యాత్ములూ ఉన్నారు. ఆవిడ అందరి మాటా విన్నది, గుర్రాల్ని అమ్మింది, రైల్లో వచ్చిన ఒక పాత లారీ కొన్నది. యుద్ధంలో పనిచేసి అలిసిపోయిన లారీ అది. గట్టి రబ్బరు చక్రాలు, వెనక చక్రాల్ని తిప్పడానికి సైకిలుకున్నట్టు గొలుసులు, ముందు అద్దం లేదు, నెత్తిన కప్పు లేదు. దాని గురగుర విని బండివాళ్ళు పంది అని పేరు పెట్టారు. హెస్టర్ తెల్లరంగు తెచ్చి ఆ పేరే బానెట్ మీద పెద్దక్షరాలతో రాసుకుంది. అంతటితో ఆ ఎగతాళిలో రుచి పోయింది.

టామ్సిన్‌తో సహా పద్నాలుగు గుర్రాల్ని కొన్నవాడు మార్టిన్ గ్రోగన్. బండివాళ్ళలో వాడిదే పెద్ద నోరు. గుర్రాలు వెళ్ళిపోయిన రోజు నుంచి సైలస్ తన కుర్చీని వాకిలి వైపు వీపు పెట్టి వేసుకున్నాడు. వాకిట్లో లారీ ఉంది. దాన్ని అతను చూడలేదు, దాని గురించి ఒక్క ముక్క అడగలేదు.

రైల్వే పంపు దగ్గర పనిచేసే మెకానిక్ దగ్గర హెస్టర్ మూడు రోజుల్లో తోలడం నేర్చుకుంది. మొదటి ట్రిప్పులోనే బండివాళ్ళ ఇంటి ఆడమనిషి మాత్రమే చేసే తప్పు చేసింది. గుర్రబ్బండి నింపేటప్పుడు బరువు ముందుకి తోస్తారు, లాగడం తేలికని. ఆవిడ లారీనీ అట్లాగే నింపించింది. లారీని నెట్టేవి వెనక చక్రాలు. మొదటి ఇసక దిబ్బ దగ్గరే ముందు చక్రాలు ఇరుసుదాకా దిగబడ్డాయి, వెనకవి ఊరికే గిర్రున తిరిగాయి. ఎర్రటి ఎండలో గడ్డపారతో, మోకుతో మూటల్ని ఒక్కొక్కటే వెనక్కి దొర్లించి, చక్రాల కింద కొబ్బరిపీచు చాపలు పరిచి, సాయంత్రానికి బయటపడింది. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తే సైలస్ గోడ వైపు చూస్తూనే విన్నాడు. భుజాలు మాత్రం కదిలాయి. నవ్వాడో ఏడ్చాడో ఆవిడ అడగలేదు.

ఆ తర్వాత మాత్రం లారీ దారిలో పడింది. గుర్రబ్బండికి తొమ్మిది రోజులు పట్టే దారి ఆవిడకి రెండు రోజులు. కల్పా మేనేజరు మొదట ముఖం ముడుచుకున్నవాడు, మూడో ట్రిప్పుకి తనే గుమ్మందాకా ఎదురొచ్చి మూటలు ఎక్కించాడు. ఆ సంగతి పొక్కగానే బండివాళ్ళకి రోడ్ల సంఘం రూలు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

గ్రోగన్ మొదలుపెట్టాడు. ఎదురుపడ్డప్పుడు ఆవిడ మర్యాదగా పక్కకి దిగి ఇంజన్ ఆపింది. వాడు గుర్రాల్ని నడిపించుకుంటూ సరిగ్గా లారీ పక్కకి తెచ్చి, అక్కడ ఆపాడు. పుల్లలు ఏరుకొచ్చి మంట పెట్టాడు, డబ్బాలో నీళ్ళు మరగబెట్టాడు.

"ఏం చేస్తన్నావు మార్టిన్?" అని అడిగింది హెస్టర్.

"టీ కాస్తన్నానమ్మా. గుర్రాలు అలిసిపోయినయ్యి."

"నన్ను పోనిచ్చి కాసుకోవచ్చుగా."

"పోతే ఇంజను మొత్తుకుంటది, గుర్రాలు బెదురుతయ్యి. రూలు నీకు తెలీదా ఏంటి? మీ ఆయన్నడుగు, చెప్తాడు."

చివరి మాట వాడు కావాలనే అన్నాడు. హెస్టర్ సీటులోనే కూర్చుంది. వాడు టీ తాగాడు, బూడిదలో రొట్టె కాల్చుకున్నాడు, టోపీ మొహం మీద పెట్టుకుని ఒక కునుకు కూడా తీశాడు. మూడు గంటల తర్వాత కదిలాడు. అప్పటికి లారీ చక్రాలు ఇసకలో దిగబడి ఉన్నాయి, ఇంజన్ చల్లారి మొండికేసింది. చాపలు తియ్యాలి, పరవాలి, ఇంజన్ లేపడానికి దాని ముందున్న హ్యాండిల్ తిప్పాలి. ముందు చూస్తే నాలుగు మైళ్ళ దూరంలో ఇంకో బండి దుమ్ము.

ఆ కాలంలో ఆ దారిలో పదమూడు బండ్లు తిరిగేవి. పదమూడు మందికీ దాహం ఒక్కసారే పట్టుకుంది. రెండు రోజుల దారి అయిదు రోజులైంది, అయిదు ఏడైంది. పదకొండోసారో పన్నెండోసారో ఆపిన ఇంజన్ని మళ్ళీ లేపబోతే హ్యాండిల్ వెనక్కి తన్ని ఆవిడ కుడి మణికట్టు చిట్లింది. ఆ ట్రిప్పు మిగతా దారంతా ఎడమ చేత్తో తిప్పింది. కల్పా మేనేజరు ఆ చెయ్యి చూసి అయ్యో అన్నాడు. ఆ వెంటనే, ఏడు రోజులు పట్టేట్టయితే ఈ మోటారెందుకు, గుర్రాలే నయం కదా అని కూడా అన్నాడు.

తిరుగు దారిలో గ్రోగన్ ఎదురయ్యాడు. హెస్టర్ పక్కకి దిగింది. ఇంజన్ ఆపలేదు. చెయ్యి బాగోలేక కాదు, మనసు ఒప్పక. వెనక జతలో ఒక పడుచు గుర్రం పక్కకి గెంతింది, బండికి కట్టిన ఒక గొలుసు తెగింది. అంతకుమించి ఏమీ కాలేదు. ఇంకా చెప్పాలంటే, ముందున్న టామ్సిన్ చెవులు నిక్కించి నిలబడింది తప్ప ఒక్క అడుగు కూడా తప్పు వెయ్యలేదు. హెస్టర్ అది చూసింది. గ్రోగన్ తెగిన గొలుసును మాత్రమే చూశాడు. దాన్ని మెడలో వేసుకుని తిన్నగా సంఘం ఆఫీసుకి వెళ్ళాడు.

సంఘం అధ్యక్షుడు అంబ్రోస్ కీల్. ఆయనకి బజార్లో జీన్లు, పట్టీలు, చర్నాకోలలు అమ్మే దుకాణం ఉంది. లారీకి జీను అక్కర్లేదన్న సంగతి ఆయనకి నిద్రలో కూడా గుర్తుంటుంది. హెస్టర్‌ని పిలిపించి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఈ రోడ్డు మీద ఇక లారీ తిరగడానికి వీల్లేదని రాయబోయాడు.

"రాయండి. కానీ రాసేముందు పరీక్ష పెట్టండి," అన్నది హెస్టర్.

"ఏం పరీక్షమ్మా?"

"నేను ఇంజన్ ఆపను. ఊరి ముందు మైదానంలో, అందరూ చూస్తుండగా, మార్టిన్ బండికి ఎదురుగా నా పందిని తోలుకొస్తా. ఒక్క గుర్రం బెదిరినా ఆ రోజే లారీ అమ్ముకుంటా. ఒక్కటీ బెదరకపోతే నేను ఈ రోడ్డు మీద ఎవడి కోసమూ ఇంజన్ ఆపను. అదీ రాయాలి మీరు."

గ్రోగన్ పగలబడి నవ్వాడు. పద్నాలుగు గుర్రాలమ్మా, పద్నాలుగు, అని వేళ్ళు చూపించాడు. కీల్ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆడమనిషి తన గొయ్యి తనే తవ్వుకుంటానంటే గునపం అందించకుండా ఉండేంత పెద్దమనిషి కాదాయన. ఆరు వారాల తర్వాత వచ్చే సోమవారం అని ముహూర్తం పెట్టాడు.

మా బండివాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. ఆదివారం గుర్రం మెడకి పట్టెడ వెయ్యరు, బండి కట్టరు. ఎక్కడున్నా, ఎంత తొందరున్నా సరే. ఉన్ని కోతలు అయిపోయాక బండ్లు దగ్గరి ఎస్టేట్లకే తిరుగుతాయి, శనివారం సాయంత్రానికి అన్నీ ఊరికి రెండు మైళ్ళ దూరంలోని నీళ్ళ గుంట దగ్గరికి చేరతాయి. గుర్రాల ముందుకాళ్ళకి బందాలు వేసి, మెడలో గంటలు కట్టి మేతకి వదిలేస్తారు. మనుషులు బట్టలు ఉతుక్కుంటారు, పేకాడతారు, బండి నీడలో గురకపెడతారు. ఆ ఏడు వానల్లేవు. గుంట చుట్టూ గడ్డి వేళ్ళతో సహా పోయింది. గుర్రాలు పొదల బెరడు కొరుక్కుంటున్నాయి.

మొదటి ఆదివారం పొద్దున్నే హెస్టర్ లారీ నిండా తరిగిన ఓట్స్ చొప్ప వేసుకుని అక్కడికి వచ్చింది. గుంటకి అవతల గట్టు మీద ఆపింది. ఇంజన్ మాత్రం ఆపలేదు. గుర్రాలన్నీ బందాలతోనే గెంతుకుంటూ పొదల్లోకి పారిపోయాయి. ఆవిడ వెనక పలక దించి, దాని మీద చొప్ప పరిచి, ఒక రాయి మీద కూర్చుని తెచ్చుకున్న మాంసం కూరిన పేస్టీ రొట్టె తిన్నది.

గ్రోగన్ బనీనుతో, చేతిలో పేకముక్కలతో వచ్చాడు. ఇదేంటని అడిగాడు.

"చొప్ప. గుర్రాలు ఎండిపోతన్నయ్యి, చూడలేకపోతన్నా. మీకు అభ్యంతరమా?"

"అభ్యంతరమెందుకమ్మా, ఊరికే పెడతానంటే! ఇంజనెందుకు అట్లా మొత్తుకోవడం?"

హెస్టర్ కట్టు కట్టిన మణికట్టు చూపించింది. "ఆపితే మళ్ళీ నువ్వు తిప్పి పెడతావా?"

వాడు తిప్పి పెట్టే రకం కాదు. వెళ్ళి మిగతావాళ్ళతో, ఆవిడ మెత్తబడిందని, మనల్ని మంచి చేసుకోడానికి తంటాలు పడుతోందని చెప్పాడు. అందరూ సంతోషించారు. తన గుర్రానికి తన చేత్తో చొప్ప కొనిపెట్టే పని తప్పింది కదా. ఊరికే వచ్చేది ఎందుకొచ్చిందని అడిగే అలవాటు మా వాళ్ళకి మొదట్నుంచీ లేదు.

ముందు వచ్చింది టామ్సిన్. ఆ రోజు హెస్టర్ సైలస్ పాత కోటు వేసుకుని ఉంది. ఇరవై ఏళ్ళ గుర్రపు చెమట ఇంకిన కోటు అది. మధ్యాహ్నానికి టామ్సిన్ గంట మోగించుకుంటూ అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, కోటు చేతిని వాసన చూసి, లారీ వంక అనుమానంగా ఒకసారి చూసి, పలక మీద మూతి పెట్టింది. ముందు నడిచేది తింటుంటే వెనక నడిచేవి ఎంతసేపు చూస్తాయి? సాయంత్రానికి అయిదు వచ్చాయి. రెండో ఆదివారం తొమ్మిది. మూడో ఆదివారానికి గ్రోగన్ పద్నాలుగూ, వాటితో పాటు మిగతా బండ్లవీ వచ్చాయి. గొలుసు తెంచిన పడుచు గుర్రం నాలుగో ఆదివారం రేడియేటరుకి వీపు రుద్దుకుంది. ఆరో ఆదివారం లారీ ఇంకా మైలు దూరంలో ఉండగానే గంటల మోత వినిపించింది. ఆ గురగుర చెవిన పడగానే అన్నీ గట్టెక్కి ఎదురు చూస్తున్నాయి. బండివాళ్ళు నీడలో పడుకుని నిద్రపోతున్నారు.

ఆ సాయంత్రం హెస్టర్ కోటు విప్పి కుర్చీ మీద వేస్తే సైలస్ దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. చేతి మీద అంటుకున్న బూడిదరంగు వెంట్రుక ఒకటి తీసి, వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు చూశాడు.

"టామ్సిన్ బానే ఉందా?"

ఎనిమిది నెలల్లో అతను అడిగిన మొదటి మాట అది. హెస్టర్ అన్నీ చెప్పింది. అతను రేపు నేనూ వస్తానన్నాడు.

"రా. కానీ నోరు విప్పకూడదు. నువ్వు ఒక్క మాట అన్నా, నీ గొంతు విని వచ్చాయంటారు. నా లారీ పోతుంది."

"పిలవను."

"గొణగను కూడా గొణగకూడదయ్యా. నీ సంగతి నాకు తెలుసు."

సైలస్ తల ఊపాడు. కుర్చీని మాత్రం తనే కాళ్ళీడ్చుకుంటూ వాకిలి వైపు తిప్పుకున్నాడు.

సోమవారం మైదానంలో ఊరు ఊరంతా ఉంది. దుకాణాలు మూసేసి వచ్చారు. కీల్ ఒక బల్ల వేయించుకుని, కాగితం, సిరాబుడ్డి సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. అవతలి చివర గ్రోగన్ బండి, ఏడు జతలు, నిండా మూటలు. ఇవతలి చివర పంది. తోలే సీటులో హెస్టర్, పక్కన చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని సైలస్. గుర్రాల్ని పలకరించడానికి మొగుణ్ణి తెచ్చిందని ఎవరో అరిచారు. ఆయన నోరు మీరే చూసుకోండని హెస్టర్ జవాబిచ్చింది. అతను అప్పటికే టోపీ తీసి దాని అంచు పళ్ళ మధ్య పెట్టుకుని ఉన్నాడు.

కీల్ రుమాలు ఊపాడు. హెస్టర్ లారీ కదిలించింది. మొదటి గేరులో, గురగురలాడుతూ, నల్లటి పొగ వదులుతూ అది మైదానం నడిమికి వచ్చింది. వంద గజాలు. ఎనభై. గ్రోగన్ ముందు జత పక్కన నిలబడి, అదిగో చూడండి, అదిగో, అని జనానికి ముందుగానే చెప్తున్నాడు.

అరవై గజాల దగ్గర పద్నాలుగు జతల చెవులు ఒక్కసారి ముందుకి లేచాయి. టామ్సిన్ సకిలించింది. పక్కన సైలస్ ఒళ్ళు బిగుసుకోవడం హెస్టర్‌కి తెలిసింది. చూడకుండానే తన కుడి చెయ్యి, ఆ చిట్లిన చెయ్యి, అతని మోకాలి మీద వేసింది. అతను టోపీ అంచును ఇంకా గట్టిగా కరిచాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి గానీ గొంతులోంచి చిన్న శబ్దం కూడా రాలేదు. ఆ రోడ్డు మీద ఎవరైనా చేసిన అతి బరువైన పని ఏదంటే నేను ఆ నిమిషమే చెప్తాను.

టామ్సిన్ మెడ వంచి లాగింది. ఏడు జతలూ లాగాయి. ఆరు టన్నుల ఉన్నితో బండి కిర్రుమంటూ కదిలి, తిన్నగా పంది వైపు బయలుదేరింది. గ్రోగన్ ఆగమన్నాడు, తిట్టాడు, చర్నాకోల గాల్లో ఛెళ్ళుమనిపించాడు. ముందు జతకి అడ్డం వెళ్ళి పక్కకి నెట్టబడ్డాడు. ఇంజన్ ఆడుతూనే నిలబడ్డ లారీని చుట్టి బండి దాని వెనక్కి వచ్చి ఆగింది. టామ్సిన్ మూతితో పలకని రెండుసార్లు తట్టింది.

జనం నవ్వు అణిగేదాకా కీల్ కాగితం వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఇది మోసం," అన్నాడు గ్రోగన్, దుమ్ము దులుపుకుంటూ. "వాటికి లంచం పెట్టింది."

"పెట్టాను," అన్నది హెస్టర్. సీటులోంచే, అందరికీ వినబడేట్టు అన్నది. "ఆరు ఆదివారాలు పెట్టాను. నువ్వు పేకాడుకుంటుంటే నీ కళ్ళముందే, నీ గుర్రాలకి నువ్వు పెట్టని తిండి పెట్టాను. బెదిరినయ్యా మార్టిన్? అది చెప్పు చాలు. ఒక్కటి బెదిరిందా?"

గ్రోగన్ చర్నాకోలని చేతికి చుట్టుకోసాగాడు. కీల్ వాణ్ణీ, గుర్రాల్నీ మార్చి మార్చి చూశాడు. మాట వినకపోవడం మీద రూలు లేదు, ఆకలి మీద అంతకన్నా లేదు. చివరికి కలం ముంచి, మిసెస్ ట్రెవెనా ఈ రోడ్డు మీద ఇంజన్ ఆపనక్కర్లేదని రాసి సంతకం పెట్టాడు. రాసింది పైకి చదవమని హెస్టర్ అడిగింది. ఆయన చదివాడు. ఇంకోసారి, వెనకున్నవాళ్ళకి వినబడలేదు అన్నది. ఆయన ఇంకోసారి చదివాడు.

అప్పుడు ఆవిడ చెయ్యి చాచి ఇంజన్ ఆపింది.

గురగుర ఆగిపోయింది. ఇప్పుడెందుకు ఆపావమ్మా అని కీల్ విసుక్కున్నాడు.

"మీ కోసం కాదు," అని, మొగుడి వైపు తిరిగింది. "ఇప్పుడు పిలువు."

సైలస్ పళ్ళ మధ్య నుంచి టోపీ తీశాడు. అంచు రెండు ముక్కలై ఉంది.

"టామ్సిన్," అన్నాడు. పిలిచినట్టు కాదు, గొణిగినట్టు.

ఆ బూడిదరంగు ఆడగుర్రం చొప్ప వెతకడం మానేసింది. వెనక ఆరు జతల్నీ, బండినీ, కాళ్ళకి అడ్డం పడుతున్న గ్రోగన్‌నీ ఈడ్చుకుంటూ లారీ పక్కనుంచి ముందుకి వచ్చి, సీటులో ఉన్న మనిషి ఛాతీలో తల పెట్టి నిలబడింది. హెస్టర్ ఎంతసేపు కావాలో అంతసేపు వాళ్ళిద్దర్నీ ఉండనిచ్చింది. తర్వాత కిందికి దిగి, ఎడమ చేత్తో హ్యాండిల్ తిప్పింది. ఆ తర్వాత పందొమ్మిదేళ్ళు ఆ రోడ్డు మీద లారీ తోలింది గానీ ఒకరి మాట మీద మళ్ళీ ఇంజన్ ఆపలేదు.